కృష్ణ వైపు తిరిగిన ఎర్ర కొన

మా కాలేజీ ల్యాబులో అయస్కాంతాలకు ఎర్ర రంగు వేసింది నేను కాదు. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. మొన్న అన్నయ్య కొడుకు కోసం వన్ టౌన్‌లో బొమ్మ రైలు చూస్తుంటే, పెట్టెలు అయస్కాంతాలతో అతుక్కునే రకం అది, ఒక పెట్టె ఎంత దగ్గరకు తోసినా పక్కకు జారిపోతోంది. కొట్టాయన దాన్ని వెనక్కి తిప్పి పెట్టగానే టక్కున అతుక్కుంది. నాకు తొంభైల చివర్లో ఒక దసరా గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా మేనత్త కూతురు మైలవరం నుంచి వచ్చి, భవానీపురంలో మా ఇంట్లోనే ఉండి నాతోపాటే చదివేది. నాకన్నా కొన్ని నెలలు పెద్దది కాబట్టి వదిన. బస్సులో టిక్కెట్టు అడగాలన్నా, మేడమ్‌ను సందేహం అడగాలన్నా వదినే అడిగేది, నేను తన పక్కన నిలబడేదాన్ని. ఇంటికొచ్చి డైరీలో రాసుకునే మాటలే నా మాటలు.

ఆయుధ పూజకు ల్యాబు సామాన్లన్నీ తుడిచి పసుపు కుంకుమలు పెట్టడం మా కాలేజీలో ఆనవాయితీ. ఆ ఏడు అయస్కాంతాల కడ్డీలకు రంగు పోయిందని, ఉత్తర ధ్రువం కొనలకు కొత్తగా ఎరుపు వేయమని ఫిజిక్స్ మేడమ్ మా ఇద్దరికీ అప్పజెప్పారు. నేను ఒక్కొక్క కడ్డీని దారంతో వేలాడదీసి, ఉత్తరానికి తిరిగిన కొన మీద సుద్దతో చుక్క పెట్టి, పళ్ళెంలో చుక్కలు ఒకటి అటూ ఒకటి ఇటూ వచ్చేలా పేర్చాను. ఒకే రకం ధ్రువాలు పక్కపక్కన ఉంటే నెట్టుకుంటాయి, కొన్నాళ్ళకు బలం కూడా తగ్గిపోతుంది. రెండు ఉత్తర ధ్రువాలను చేతుల్లో పట్టుకుని దగ్గరకు తెస్తే, మధ్యలో కనపడని మెత్తని దిండేదో అడ్డుపడుతున్నట్టు ఉండేది. ఆ తోపు చేతికి తగలడం నాకెంతో ఇష్టం.

"నీకూ వాటికీ ఒకటే జబ్బే, ఎవర్నీ దగ్గరికి రానివ్వవు" అని వదిన నవ్వేది.

ఇంతలో గుమ్మంలో ముగ్గు వేయమని ఆయమ్మ పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వదిన సుద్ద చుక్కలు తడిగుడ్డతో తుడిచేసి, పళ్ళెంలో పైవైపు కొనలన్నిటికీ ఎరుపు వేసేసింది. "పూజలో అన్నీ ఒక వరసన ఉంటే ఎంత బాగుందో చూడు" అంది. సగం కడ్డీలకు ఎరుపు దక్షిణ ధ్రువం మీద పడింది. అప్పటికే పూజ వేళయింది. "మేడమ్‌తో నేను చెప్తాలే, నీవల్ల కాదు" అంది. సెలవులయ్యాక, "చెప్పేశానే, సరిచేయిస్తానన్నారు" అంటే నమ్మాను. ఆ ప్రయోగం మాకు అంతకుముందే అయిపోయింది కనుక కడ్డీలు మళ్ళీ నా కంట పడలేదు.

నాన్న నాకు టైపు నేర్పించి ఏదో ఆఫీసులో పెట్టాలనుకునేవారు. బి.ఎస్సీ. చదివించమని ఇంటికొచ్చి మాట్లాడతానని మేడమ్ మాటిచ్చారు. నా ఆశంతా ఆ మాట మీదే.

ప్రాక్టికల్స్‌లో చీటీ తీస్తే అయస్కాంతమే వచ్చింది. ఎర్ర కొన ఉత్తరానికి ఉండేలా కడ్డీని పెట్టి దిక్సూచితో గీతలు గీస్తుంటే, సూది ఎటూ తేల్చుకోలేక ఊగే చోట్లు, కడ్డీకి పక్కల రావలసినవి, కొనలకు ఎదురుగా వచ్చాయి. పుస్తకంలో ఉన్నట్టు గీసేయవచ్చు. నేను సూది చూపినట్టే గీశాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు చూసి, "ఏమ్మా, పుస్తకంలో ఇలాగే ఉందా?" అన్నారు.

"లేదండీ, రంగు తప్పు పడిందండీ" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఆయన కడ్డీని దారానికి కట్టి వేలాడదీశారు. ఎర్ర కొన నింపాదిగా తిరిగి తిరిగి, దక్షిణాన కృష్ణా నది వైపు ఆగింది. ఆయన నవ్వి మార్కులు వేశారు. బయటివాళ్ళ ముందు తన ల్యాబుకు తలవంపులైనందుకు మేడమ్ మొహం మాత్రం మాడిపోయింది.

"ఎవరు వేశారీ రంగు? నాకు చెప్పొద్దా?"

అంటే ఆవిడకు ఎవరూ చెప్పనేలేదన్నమాట. పక్క బల్ల దగ్గర లోలకం ఊపుతున్న వదిన తలెత్తి, "తనేనండీ మేడమ్. నేను గుమ్మంలో ముగ్గేస్తున్నా" అంది. నా ముగ్గును కూడా తీసేసుకుంది. నేను తల వంచుకుని కడ్డీకి కట్టిన దారం ముడి విప్పసాగాను.

"తెలిసీ దాచావన్నమాట" అని మేడమ్ ముందుకు వెళ్ళిపోయారు. మా ఇంటికి రానేలేదు. ఆ వేసవిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నాన్నకు చెల్లెలన్నా, ఆమె కూతురన్నా ప్రాణం. ఇంట్లో చెబితే ఎవరి మాట నిలుస్తుందో నాకు తెలుసు.

మన రోజుల్లో ల్యాబు సామానును ఇంటి సామానులా తోమి, బొట్టు పెట్టి చూసుకునేవాళ్ళం. ఇప్పుడు రంగు పోతే కొత్తవి తెప్పించేస్తారట, దారం కట్టి ఏది ఉత్తరమో కనుక్కునే ఓపిక ఎవరికీ అక్కర్లేదు. వదినా నేనూ పెళ్ళిళ్ళలో ఎదురైనా ఎవరి పని వాళ్ళు చూసుకుంటాం. పరీక్షలయ్యాక తనను మైలవరం బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు, ఎందుకలా చెప్పావని మాత్రం అడగగలిగాను. కిటికీలోంచి సంచి అందుకుంటూ, చాలా మామూలుగా అంది:

"నువ్వెలాగూ ఎదురు చెప్పవుగా, అందుకే నీ పేరు చెప్పా."