ఇస్త్రీ నిప్పుల మీద డప్పు

నిన్న నారాయణగూడలో వాన మొదలవగానే నిమజ్జనం డీజే బండికి టార్పాలిన్ కప్పారు. పాట ఆగనే లేదు.

చిక్కడపల్లి దోస్తులూ, చిన్నప్పుడు మన గల్లీ వినాయకుడు వానకు ఆగిపోయిన సాయంత్రం గుర్తుందా? డప్పులు తడిసి మెత్తబడ్డాయి. కొడితే అట్టపెట్టెను బాదినట్టే ఉంది. కాగితాలు కాల్చి వేడి చేద్దామంటే అవీ తడిసిపోయాయి. డప్పు లేకుండా వినాయకుణ్ని కదిలించేది లేదన్నారు పెద్దలు.

అప్పుడు ఇస్త్రీ బండి యాదమ్మ తన ఇస్త్రీపెట్టె మూత తెరిచింది. "ఇటు తేన్రి అన్నా, జర కాపుకోన్రి."

నిప్పుల సెగకు తోలు బిగుసుకుంది. డప్పు ఖంగున మోగింది. అంతే, వానలోనే అందరం చిందులు.

"యాదమ్మా, మరి పిల్లల యూనిఫాంలు?" అంది అమ్మ.

"ఉన్న బొగ్గులన్నీ అయిపోయినయమ్మా. రేపు నలిగినయే తొడగనీ."

మర్నాడు బడి ప్రార్థనలో మన గల్లీ పిల్లలెవరో చొక్కాలే చెప్పాయి.