ఖాదరన్న మానిటర్ మీద అతికించిన పేరు

నిన్న పొద్దున డ్యూటీకి రెడీ అవుతుంటే మా వాడకట్టు వాట్సాప్ గ్రూప్‌లో ఖాదరన్న ఫొటో కనిపించింది. మొన్ననే కొత్త ప్రింటర్ కొన్నానని మురిసిపోతూ చెప్పాడు. ఆ సంగతే ఎవరో పెట్టారనుకున్నాను.

కింద రాసింది చదివాక టిఫిన్ బాక్స్ అక్కడే పెట్టి కూర్చుండిపోయాను.

నిద్రలోనే పోయాడట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

సిద్దిపేట పాత బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్ ఖాదరన్న అంటే మీలో చాలామందికి తెలుసు. హాల్ టికెట్లనీ, క్యాస్ట్ సర్టిఫికెట్లనీ అందరం ఆ మెట్లు ఎక్కినవాళ్లమే. నేను ఇవాళ నర్సు డ్రెస్ వేసుకుంటున్నానంటే అది ఆయన పుణ్యమే.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

మనవన్నీ తెలుగు మీడియం చదువులు. ఇంగ్లీష్‌లో సర్కారు వెబ్‌సైట్ తెరుచుకోగానే గుండె జారేది. ఆయన మాత్రం మౌస్ మన చేతికే ఇచ్చేవాడు. "నేను దుకాణం మూసిన్నాడు ఏం జేస్తవ్?" అని దబాయించేవాడు.

"భయపడకు చెల్లె. పేజీ మారుతది గని జాగలు మారయ్. ఎడమ దిక్కు మెనూ, కింద కుడి మూలకు బటన్. ఇంట్ల అగ్గిపెట్టె జాగ తెలిస్తే కరెంటు పోయినా దొరుకుతది గదా. గిది గూడ గంతే."

పేజీ పైన రాష్ట్రం పేరు ఉండేది. ఉమ్మడి రాష్ట్రం పేరు. అదొక్కటే ఆయనకు గిట్టేది కాదు.

ఉద్యమం రోజులు గుర్తున్నాయి కదా. బండ్ల నంబర్ ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నాం. ఖాదరన్న స్కూటర్‌తో ఆగలేదు. ఏ పేజీ తెరిచినా ఆ పేరు అదే జాగలో వస్తుంది కాబట్టి, దాని కొలతకు పసుపు కాగితం కోసి, స్కెచ్ పెన్నుతో "తెలంగాణ ప్రభుత్వం" అని రాసి, మానిటర్ అద్దానికి గమ్ముతో అతికించాడు.

పేజీలు మారుతుండేవి. ఆయన రాష్ట్రం మాత్రం పైన కదలకుండా ఉండేది. రాష్ట్రం వచ్చాకే పీకుతానని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తుండగా నాకు నర్సింగ్ సీటు వచ్చింది.

ఆ సాయంత్రంలోపు సైట్‌లో ఒప్పుకోకపోతే సీటు పోతుంది. మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు అప్పటికే దూరాన భివండీలో బట్టల మగ్గాల మీద కూలికి ఉన్నాడు. సీటు పోతే అవ్వా నేనూ అక్కడికే పోవాలి. నేను మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతకాలి.

బస్సుల్లేవు, దుకాణాలు బంద్. ఖాదరన్న కూడా షటర్ వేసి దీక్ష టెంట్‌లో కూర్చున్నాడు. అవ్వ నన్ను తీసుకుని నేరుగా అక్కడికే పోయింది.

"ఖాదరూ, పిల్ల సీటు పోతది. జర షటర్ లేపు నాయినా."

పక్కనున్నవాళ్లు బంద్‌లో దుకాణం తెరుస్తావా అని అడ్డం పడ్డారు. ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటూ అన్నాడు:

"సమ్మె మనదే, పిల్ల సదువు గూడ మనదే."

సగం షటర్ కింద నుంచి వంగి లోపలికి పోయాం. అన్నీ నింపి కుడి మూలన నొక్కాను. పేజీ తిరిగి తిరిగి మళ్లీ అదే వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. సర్వర్ బిజీ అనుకున్నాం. వెనకాల అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బయట ఎండ తగ్గిపోతోంది.

అప్పుడు పసుపు కాగితం వెనక ఎర్రగా ఏదో కనిపించింది.

"అన్నా, కాయిదం కింద ఏదో ఉన్నది."

ఖాదరన్న దగ్గరికి వంగాడు. ఆ కాగితం వైపు కాసేపు చూశాడు. తర్వాత గోరుతో అంచు లేపి ఒక్క గుంజు గుంజాడు.

ఫోన్ నంబర్ రాయలేదని ఎర్ర అక్షరాలు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బాపు దగ్గర ఉందని ఆ గడి వదిలేశాను. ఆయన నన్ను జరగమని తన నంబర్ కొట్టాడు.

సీటు నిలబడింది.

టెంట్‌లో వాళ్లు వదుల్తారా. "ఏం భాయ్, రాష్ట్రం రాకముందే పీకినవ్?" అని ఆటపట్టించారు. నవ్వాడు గానీ, ఆ నవ్వు ఆయన ముఖంలో నిలవలేదు. కొత్త చీటీని అద్దం మీద కాకుండా పైనున్న ప్లాస్టిక్ అంచు మీద అతికించాడు.

"గీడ పెడితే ఎవ్వల పని ఆగదు" అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఇంకో మాట కూడా చెప్పేవాడు. "నొక్కినంక ముందుగాల పైన చూడుండ్రి."

నా చదువంతా కాలేజీ మెసేజ్‌లు ఆయన ఫోన్‌కే వచ్చేవి. ప్రతిసారీ దుకాణం వదిలి మా ఇంటిదాకా వచ్చి చెప్పి పోయేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

రాష్ట్రం వచ్చాక సైట్ మీద పేరు మారిన రోజు నన్ను పిలిచాడు. ఏ పనీ లేదు. హోమ్ నొక్కాడు, మెనూలో ఉన్నవన్నీ వరసగా నొక్కాడు.

"సూడు చెల్లె, ప్రతి పేజీల ఉన్నది."

కళ్లు తుడుచుకోకుండానే నొక్కుతూ పోయాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆయన బిడ్డ ఆయేషా ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. మరణం నమోదు చెయ్యాలి.

"నాతోని అయితలేదక్కా. నువ్వే కొట్టు."

పైన మన రాష్ట్రం పేరు. ఎడమ పక్క మెనూ. అన్నీ వాటి జాగల్లోనే ఉన్నాయి. ఆయన పేరు రాశాను. ఫోన్ నంబర్ గడిలో నా నంబర్ కొట్టాను. కింద కుడి మూలన నొక్కి, ఆయన చెప్పినట్టే ముందుగా పైకి చూశాను.

ఎర్ర అక్షరాలు లేవు. ఒక్కసారికే తీసుకుంది.

ఏదో ఒకటి తప్పుందని ఆపితే బాగుండు అనిపించింది.

పోయిరా ఖాదరన్నా. ఆ పైవాడి దగ్గర నీకు చల్లని జాగ దొరకాలి.