అత్తయ్య పుట్టగొడుగులు, అయ్యగారి ప్రార్థన

రిటైరైన ఏడాది మా అత్తయ్య పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టారు. బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతకాదు. మండపేటలో మా ఇంటి వెనక గదిలో ఉడకబెట్టిన వరిగడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, ఒక పొడుగాటి వెదురు బొంగుకు వరసగా వేలాడదీశారు. కొన్ని వారాలకు సంచుల చిల్లుల్లోంచి తెల్లటి గొడుగులు గుత్తులుగా విచ్చుకున్నాయి. వాటితోపాటే పెంకుపురుగులూ వచ్చాయి.

గురివింద గింజలకు కాళ్లు మొలిచినట్టుండేవి. గొడుగుల్ని అడుగు నుంచి తొలిచేసేవి. తినే పంటకు మందు కొట్టనివ్వలేదు అత్తయ్య. వేపాకు పొగ వేస్తే నాకు దగ్గొచ్చింది, వాటికి రాలేదు. చివరికి మా చర్చి అయ్యగారిని పిలిచారు.

"పురుగులకి ప్రార్థన ఏంటండీ అత్తయ్యా?" అన్నాను.

"పక్కింటోళ్ల గేదెకి చేశారుగా! మన పంటకి చెయ్యరా?"

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు తెల్ల అంగీతోనే వచ్చారు. కళ్లు మూసుకుని ఒక సంచి మీద చెయ్యి వేశారు. బొంగంతా ఊగింది. పురుగులన్నీ టపటపా రాలి, వెల్లకిలా కాళ్లు ముడుచుకుని పడ్డాయి. కదలిక లేదు.

"స్తోత్రం!" అంటూ అత్తయ్య ఏడ్చేశారు. అయ్యగారు కళ్లు తెరిచి చూసి, ఆమెన్ అనడం మర్చిపోయారు. ఇంత త్వరగా జవాబు రావడం ఆయనకూ కొత్తలా ఉంది.

నేను చీపురు తెచ్చేలోపు ఒకటి కాలు కదిపింది. చూస్తుండగానే అన్నీ బోర్లా తిరిగి, అయ్యగారి పాదాల పక్కనుంచి తాపీగా నడిచాయి. కదిపితే చచ్చినట్టు పడుండడం వాటి అలవాటని అప్పుడు మాకెవరికీ తెలియదు.

"లేచాయండి," అన్నాను.

అయ్యగారు అంగీ అంచు పైకెత్తి వాటికి దారిచ్చారు. "చంపమని నేనడగలేదమ్మా. ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ దీవించమన్నాను. ఇవీ ఉన్నాయిగా!"

అత్తయ్య ఏడుపు ఆపి ఫక్కున నవ్వారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే కింద దుప్పటి పరిచి ఆవిడ బొంగు ఊపేవారు. పురుగులు లేచేలోపు నేను దుప్పటి మూటకట్టి, కాలవ గట్టున కుళ్లిన కొబ్బరి మొద్దు మీద దులిపి వచ్చేదాన్ని. సగం పంట దక్కింది. ఒక గిన్నెడు కూర అయ్యగారింటికి పంపాం. ఆయన తిన్నారట. ఆయన భార్య, మా అమ్మగారు మాత్రం ఒక్కో ముక్కనూ గరిటెతో కదిపి, కాసేపు ఆగి చూశారట.