ఓబులాచారి పీపాకు నోరొచ్చిన కథ

డోన్ నుంచి ప్యాపిలికి పోయే దారి పక్కన ఓబులాచారి కొట్టం ఉండేది. బండ్లు చేయడంలో తనకు సాటి ఎవరూ లేరని ఊళ్ళో అందరికంటే ముందు అతనే చెప్పేవాడు. అయినా అది నిజమే. తల ఎత్తకుండా చెక్క చిత్రిక పడుతూనే, దారిన పోయే బండి చప్పుడు విని, "బసవన్న బండి. ఎడమ చక్రం ఆముదం అడుగుతాండాది" అనేవాడు. బసవన్న దిగి చూసుకుంటే అంతే అయ్యేది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండలకు వంక ఎండిపోయి చాకిరేవులో ఇసుక మిగిలింది. పాదిరీల ఆసుపత్రిలో కాన్పుల గుడ్డలు కుప్ప పడ్డాయి. పెద్ద నర్సు విశ్వాసమ్మ గోదాములోంచి ఒక పాత బట్టలుతికే మిషనును బయటికి లాగించింది. ఎవరో దొరసాని ఎప్పుడో ఇంగ్లండు సీమ నుంచి ఓడలో తెప్పించిందట. ఇనుప కాళ్ళ మీద అడ్డంగా ఒక ఇరుసు, ఆ ఇరుసు మీద చెక్క పీపా. పీపాలో బట్టలు, సబ్బు నీళ్ళు పోసి మూత బిగించి పిడి తిప్పాలి. నాలుగు కడవల నీళ్ళతో పని తీరుతుంది. అయితే ఇనుము మిగిలింది గాని పీపాను చెదలు తినేశాయి. రైల్వే ఫిట్టరు చూసి పారేయమన్నాడు. ఓబులాచారి మాత్రం, "ఇరుసు మీద తిరిగేది ఏదైనా నాకు బండే నర్సమ్మా" అని కొట్టానికి ఎత్తుకుపోయాడు.

టేకుతో కొత్త పీపా కట్టి, పీపా జారకుండా ఇరుసు కొసలకు కొత్త చీలలు కొట్టి తెచ్చాడు. ఖాళీగా తిప్పితే పిల్లి నడిచినట్టు తిరిగింది. బట్టలు వేసి తిప్పితే మొదలైంది: ఠంగ్... టక్. ఠంగ్... టక్.

పిడి తిప్పే చాకలి సోమక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం ఆచారప్పా, ఉతికేదానికి చేసినావా, ఊరేగింపుకు చేసినావా?"

"కొత్తది గదా. రెండు దినాలు తిరిగితే సర్దుకుంటాది" అన్నాడు ఓబులాచారి, మీసం దువ్వుతూ.

సర్దుకోలేదు. ఉతుకుడు గదికీ కాన్పుల గదికీ నడుమ ఒక్క గోడే. ఆ గోడ అవతల మంచం మీద ఓబులాచారి కూతురే ఉంది. నాగలక్ష్మమ్మకు మొదటి కాన్పు ఇంట్లో మంత్రసాని చేతుల్లో ప్రాణం మీదికి వచ్చింది. ఈసారి ఇంటిల్లిపాదితో పోట్లాడి ఓబులాచారి ఆమెను ఆసుపత్రిలో చేర్చాడు. ఇప్పుడు ఆమె కంటికి కునుకు లేదు, తిండి దిగదు, ఇంటికి పోతానని ఒకటే పట్టు.

అతను పీపా మూత విప్పాడు, బిగించాడు. మూతకు గోనెపట్ట చుట్టాడు. పలకలకు చెవి ఆనించి ఒక్కొక్కటే తట్టాడు. ఖాళీగా ఉన్నప్పుడు కిక్కురుమనదు, బట్టలు పడగానే ఠంగ్.

ఇలాంటప్పుడు మన వాళ్ళకు దయ్యం తయారుగా ఉంటుంది. చచ్చిపోయిన దొరసానే పీపాలో కూర్చుందని రోగుల అత్తలు తేల్చారు. ఇనుప కాళ్ళకు నిమ్మకాయలు కట్టారు. నిమ్మకాయలను చూసి విశ్వాసమ్మకు కోపం వచ్చి, వాటిని తెంపించి, మిషను ముందు నిలబడి ఒక కీర్తన పాడింది. నిమ్మకాయలు పోయాయి, కీర్తన అయిపోయింది, ఠంగ్ మాత్రం ఉన్నచోటే ఉంది.

"నీ బిడ్డ మూట కట్టుకుంటాండాది" అని విశ్వాసమ్మ ఓబులాచారికి కబురు చెప్పింది. "బిడ్డ అడ్డంగా ఉండాది కడుపులో. ఈడ ఉంటే తిప్పుతాము. ఇంటికి పోతే నా పూచీ లేదప్పా. గుడ్డలు ఉతకకుండా కాన్పులు చేయలేను. మిషనును ఆపలేను. దాని నోరన్నా మూయించు."

ఓబులాచారి కూతురి మంచం దగ్గరికి పరుగెత్తాడు. ఆమె నిజంగానే మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"యాడికి పోతావమ్మా? దయ్యమని భయమా?"

"దయ్యమా, దాని బొందా! భయం కాదు నాయ్నా." ఆమె మూట ముడి బిగించింది. "అది మోగినప్పుడల్లా నువ్వు బండి కట్టుకుని వచ్చినావనుకుంటా. లేచి కిటికీలోంచి చూస్తా. బండీ ఉండదు, నువ్వూ ఉండవు. మళ్ళా పండుకుంటా, మళ్ళా మోగుతాది. ఇంగ నా వల్ల కాదు."

"నా బండా?" అన్నాడు ఓబులాచారి. తర్వాత ఫెళ్ళున నవ్వి తొడ చరుచుకున్నాడు.

"నవ్వుతావేంది నాయ్నా, నేను చస్తాంటే!"

"ఉండమ్మా, ఉండు!"

ఉతుకుడు గదికి పోయి చీల పీకాడు. దాని వెనకాల ఇరుసుకు వదులుగా వేలాడుతూ రెండు ఇనుప బిళ్ళలు. రెండో కొసన ఇంకో రెండు. ఆ ప్రాంతంలో బండి మోగకపోతే రైతు తోలుకుపోడు. మూగబండి అంటాడు. ఎదురు బండికి ఎట్లా తెలుస్తుంది, ఎద్దులకు హుషారు ఎట్లా వస్తుంది అంటాడు. అందుకని చీల కొట్టే ముందు ఓబులాచారి చేతులు బిళ్ళలు తగిలిస్తాయి. తువ్వాలు భుజాన వేసుకున్నట్టే, ఆలోచన అక్కరలేదు. పీపాకూ తగిలించాయి. తడిబట్టలు ఒక పక్కకు దొర్లినప్పుడల్లా పీపా జరిగి బిళ్ళలను కొడుతోంది. దారిలో పోయే ప్రతి బండినీ గుర్తుపట్టే చెవి, గోడల మధ్య మోగేసరికి తన బండినే గుర్తుపట్టలేకపోయింది.

బిళ్ళలు తీసి, ఆముదంలో నానిన తోలు చుట్లు వేశాడు. సోమక్క తిప్పింది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"మాట పడిపోయిందే దీనికి!" అంది సోమక్క, కొంచెం దిగులుగానే.

నాగలక్ష్మమ్మ ఆ మధ్యాహ్నం గుర్రు పెట్టి నిద్రపోయింది. విశ్వాసమ్మ చేతులు బిడ్డను మెల్లగా తిప్పాయి. మనవరాలు గట్టి గొంతుతో పుట్టింది. ఓబులాచారి ఆనందానికి అడ్డం పడింది విశ్వాసమ్మే.

"ఏమప్పా, ఆ బిళ్ళలు యాడ పెట్టినావు? మళ్ళా వేసెయ్. అది మోగినన్నాళ్ళూ సోమక్క పని చేస్తాండాదని తెలిసేది. ఇప్పుడు పీపాకు తల ఆనించి నిద్రపోతాండాది!"

"నా బిడ్డ ఈడ ఉన్నంతవరకు వెయ్యను నర్సమ్మా" అన్నాడు ఓబులాచారి. సోమక్క అతనికి దండం పెట్టింది.

ఇంటికి పోయే రోజు బయట దారి మీద ఠంగ్... టక్ అని వినిపించింది. నాగలక్ష్మమ్మ కిటికీ వైపు చూడను కూడా లేదు. బిడ్డను ఎత్తుకుని, మూట సోమక్క చేతికిచ్చి, గుమ్మం వైపు నడిచింది.