గంగన్న తెచ్చిన చైనా ఎర్రపూలు

ఈ గల్ఫ్ల సైట్ పనికి నిలబడి నిలబడి మా రూమ్ గంగన్నకు కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నయి. ఇయ్యాల జుమ్మా సెలవు గదా, రక్తం మంచిగ ఆడుతదని ఎవరో చెప్తే రూవి బజారుకు పోయి చైనా ఎర్రపూల మందు తెచ్చిండు. మమ్మల్ని ముట్టనియ్యలే. సాయంత్రం చాయ్ లెక్క కాచుకొని, వీడియో కాల్ల ఊర్లున్న వదినెకు పొట్లం చూపిచ్చిండు.

వదినె ఒకటే నవ్వుడు. "ఓ మనిషీ, గివి కుసుమ పూలు! గొడ్లు రాకుండ మన చేను చుట్టూ ఏస్తం జూడు, గవే. ముండ్లు గుచ్చుకుంటయని ఏటా నువ్వు తిట్టే చెట్లే!"

"అవి మనయి, ఇవి చైనాయి," అన్నడు గంగన్న, గ్లాసు దించకుంట.

రూమంత పడి పడి నవ్వినం. అన్న ముఖం చెవుల దాక ఎర్రగైంది. రక్తమైతే మంచిగనే ఆడింది. మందుకా, వదినె మాటకా? మీరే చెప్పుండ్రి.