అచ్యుతరామయ్యగారి తలకిందుల గొడుగు

పువ్వు కనిపిస్తే దాని కింద గొడుగు తిరగేసి పట్టి, దులపనిదే అచ్యుతరామయ్యగారు ముందుకు అడుగు వేయరని మొదటే మనవి చేస్తున్నాను. గొడుగులో రాలవలసినది ముక్కుపురుగు. ఆవగింజలో సగం ఒళ్లు, ఒంటికి మించిన ముక్కు. పువ్వుల్లో కాపురముండే ఈ పురుగులను శాస్త్రజ్ఞులు సైతం పెద్దగా పట్టించుకోలేదట. ఆ లోటును ఫిల్మ్ నగర్‌లో ఈయన ఒక్కరే తీర్చదలిచారు. కుంభవృష్టిలోనూ ఆ గొడుగు తలపైకి రాదు. లోపల పురుగు ఉంది గదా!

ఒక సినిమా ప్రారంభోత్సవంలో ఆ గొడుగు నిర్మాత శారదాదేవిగారి మెడలోని దండ కిందికి చేరింది. ఆవిడ మా కాలనీ సంఘానికి అధ్యక్షురాలు కూడా.

"ఒక్కసారి దులపండమ్మా!"

"ఏంటండీ ఇది? కెమెరా తిరుగుతోంది!" అంటూ ఆవిడ దండ తీసి విసురుగా గొడుగులో పడేశారు.

"పడింది! పడింది!" అని ఆయన గంతు వేశారు. గంతు కూడా కెమెరాలో పడింది.

మర్నాడే, కాలనీ పార్కులో ఆయన ప్రవేశాన్ని నిషేధిస్తూ నోటీసు తయారైంది. పార్కు పూలు లేకపోతే ఆయన పదేళ్ల కృషి అక్కడితో ఆగిపోతుంది. సంఘం ఉత్తరాలకు శుద్ధప్రతి రాసేది నేను కనుక, అందజేయడానికీ నన్నే పంపారు.

నేను వెళ్లేసరికి ఆయన ఇంట్లో మ్యూజియానికి పంపవలసిన పురుగుల పెట్టెలు సర్దుతున్నారు. కృష్ణానగర్ నుంచి మంజులత అనే జూనియర్ ఆర్టిస్టు సాయానికి వచ్చింది. నోటీసు తీసేలోగానే ఆయన నా చేతిలో కలం పెట్టారు.

"మీ దస్తూరీ బాగుంటుందండీ. ఈ చిత్తు చూసి చీటీలు రాసిపెట్టండి. మీ కాగితం తర్వాత చదువుతాను."

ప్రతి పురుగు కిందా ఒక చీటీ: దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు. మంజులత. మళ్లీ మంజులత. లైట్‌మన్ వీరయ్య. డాన్సర్ శ్రీకాంత్.

"తమరి పేరు ఎక్కడా లేదేమండీ?"

"నేను గొడుగు పట్టుకున్నానంతే. దులిపింది వాళ్లు కదా!"

మంజులత నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది సినిమాల్ల చేస్తున్న సార్. టైటిల్స్‌ల నా పేరు ఒక్కపారి గూడ పడలే. గిప్పుడు గీ పురుగు కింద పడ్డది. మా అమ్మకు ఫోటో గూడ పంపిన!"

"మ్యూజియంలో ఈ చీటీ వందేళ్లుంటుంది," అన్నారాయన. "సినిమా రెండో శుక్రవారం చూస్తుందో లేదో!"

చివరి చీటీ దగ్గర నా కలం ఆగింది. దొరికిన చోటు: ప్రారంభోత్సవపు దండ. సేకరించినవారు: శారదాదేవి.

నోటీసు అందజేయకుండానే తిరిగి వెళ్లి, ఆ చీటీ నకలును అధ్యక్షురాలి ముందుంచాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"ఇది వందేళ్లుంటుందా?"

"అలాగని సెలవిచ్చారండీ."

"నోటీసు చింపేయండి." నేను గుమ్మం దాటుతుండగా మళ్లీ పిలిచారు. "పెట్టె తెరవగానే నా పేరే మొదట పడుతుందేమో కొంచెం కనుక్కోండి."

కనుక్కున్నాను. "మొదటి పేరు మంజులతదేనండీ," అన్నారు అచ్యుతరామయ్యగారు. "శారదాదేవిగారిని రేపు పార్కుకు రమ్మనండి. దులపవలసిన కొమ్మలు బోలెడున్నాయి."

మర్నాడు ఆవిడ వచ్చారు. కొమ్మ దులిపారు. వానా వచ్చింది. చేతిలో గొడుగు ఉండీ ముగ్గురమూ తడిసి ముద్దయ్యాం.