వీధి దాటితే మా నాయనమ్మ పుట్టిల్లు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ‘గారు’ అనిపించుకునేవాళ్ళు బడి పంతులూ, కరణమూ, ఎప్పుడన్నా గుంటూరు నుంచి వచ్చే డాక్టరూ. మిగతా అందరికీ వరసలే. అత్తా, మావా, బావా, ఒదినా. కులం వేరైనా, మొక్కే దేవుడు వేరైనా ఎవరి వరస వాళ్ళకుండేది. ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో ఎవరికీ తెలీదు.

ఈ సంగతి ఇవాళే చెప్పడానికి కారణముంది. నేను బి.ఏ. పాసయ్యాను! మా ఇంటా వంటా లేని చదువు. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన గదిలో ఒక్కదాన్నే ఉంటూ, జాకెట్లు కుట్టుకుంటూ, మిషన్ పక్కనే పుస్తకం తెరిచి పెట్టుకుని దూరవిద్యలో చదివాను. రిజల్టు చూసుకోగానే ముందు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి సంతకం కూడా రాదు. కానీ నా చదువు ఆగిపోకుండా చూసింది ఆవిడే.

మా ఇంటికి ఎదురుగా, సన్నటి వీధికి అవతల సాయిబు తాత ఇల్లు. పీర్ల చావిడికి ఆయన పెద్ద. రామమందిరం భజనకి మా తాతయ్య పెద్ద. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకునేవాళ్ళు. పొద్దున్నే వేపపుల్ల నములుతూ ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చునేవాళ్ళు. “ఒరే బావా, రాత్రి నీ గురకకి మా గేదె పాలివ్వలేదురా” అని మా తాతయ్య అంటే, “నీ భజనకి మా మేక తాడు తెంపుకుపోయింది, దానికేం చెప్తావ్?” అని ఆయన.

ఆయన మనవరాలు ఊళ్ళో పదో తరగతి పాసయిన ఒకే ఒక్క ఆడపిల్ల. వరస ప్రకారం నాకు వదినవ్వాలి కానీ నేను అక్కా అనేదాన్ని. సాయంత్రం కాగానే పుస్తకాలెత్తుకుని వాళ్ళ వసారాలోకి పరిగెత్తేదాన్ని. అక్క చెబితేనే లెక్కలు నా బుర్రకెక్కేవి. ఏడో తరగతి పరీక్ష తప్పితే బడి మాన్పించి మిరప కోతలకి పంపేస్తానని మా నాన్న తేల్చి చెప్పాడు.

ఏటా పీర్ల ఊరేగింపు రామమందిరం ముందుకి రాగానే లోపల భజన ఆగేది. మా ఆడవాళ్ళు బిందెలతో వెళ్ళి పీర్ల ముందు నీళ్ళు పోసేవాళ్ళు. మందిరం దాటేదాకా వాళ్ళూ డప్పులు తగ్గించి కొట్టేవాళ్ళు. ఆ సంవత్సరం మందిరానికి కొత్తగా మైకు వచ్చింది. మైకు ఆపలేదని వాళ్ళ కుర్రాళ్ళు, డప్పు తగ్గించలేదని మా కుర్రాళ్ళు తోసుకున్నారు. ఎవరిదో తలపాగా కింద పడింది. ఎటునుంచో రాయి ఒకటి లేచింది. పెద్ద దెబ్బలేం తగల్లేదు గానీ, మీవాళ్ళూ మావాళ్ళూ అనే మాటలు ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాను.

మర్నాడు పొద్దున తాతయ్య అరుగు మీద నుంచి, “సాయిబుగారూ, మీ మేక మా దడి మేస్తోందండి” అన్నాడు. “అట్టాగేనండి, కట్టేయిస్తానండి” అని అవతల నుంచి జవాబు. పంతులుగారు బళ్ళో నేర్పినట్టే ఎంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారో అని నేను తెగ సంబరపడ్డాను. నేనూ లోపలికెళ్ళి, “నాయనమ్మగారూ, మంచినీళ్ళు ఇవ్వండి” అన్నాను. ఆవిడ నవ్వలేదు. “తిట్టుకుంటే సాయంత్రానికి చల్లారేదే. ఈ అండీలు వచ్చినాయంటే మాత్రం కష్టం” అంది.

నన్ను వీధి దాటొద్దన్నారు. సాయంత్రాలు మా గుమ్మంలో కూర్చుని, అవతల వసారాలో అక్క ఒక్కతే కూర్చోవడం చూసేదాన్ని. అంతకుముందు రెండిళ్ళ ఆడవాళ్ళూ ఒకే పట్టా మీద చేరి, ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరేవాళ్ళు. ఇప్పుడు ఎవరి కళ్ళం వాళ్ళది. ముసలాళ్ళిద్దరూ అరుగెక్కడం మానేశారు. శ్రీరామనవమి ఊరేగింపులో తేల్చుకుందామని రెండు వైపుల కుర్రాళ్ళూ కర్రలు పోగేస్తున్నారని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళని ఆపగలిగింది ఆ ఇద్దరే. ఆ ఇద్దరికీ మాటల్లేవు. నా పరీక్ష దగ్గర పడుతోంది.

ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పెక్కువైందని తాతయ్య కంచం పక్కకి నెట్టాడు. నాయనమ్మ చటుక్కున లేచి, “ఇంక నీతో నావల్ల కాదు. నేను మా పుట్టింటికి పోతన్నా” అంది. తాతయ్య పెద్దగా నవ్వాడు. “నీకు పుట్టిల్లెక్కడిదే? మీవాళ్ళు ఒక్కళ్ళన్నా మిగిలారా?”

“నాకు అన్న ఉన్నాడు” అంది నాయనమ్మ. రెండు చీరలు మూట కట్టింది. నాతో “నీ పుస్తకాలు తెచ్చుకోవే” అని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా వీధి దాటి, సాయిబు తాత గుమ్మంలో నిలబడి కేకేసింది. “అన్నా! మీ బావ నన్ను కాపరం చేసుకోనివ్వట్లేదు. ఉండమంటావా, పొమ్మంటావా?”

వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. సాయిబు తాత లోపల్నుంచి వచ్చి మూట వంక చూశాడు. బావ భార్య అంటే చెల్లెలే కదా. ఇన్నేళ్ళూ నోరారా బావా అని పిలిచి, ఆ చెల్లెలు మూటతో గుమ్మంలోకొస్తే పొమ్మనడం ఎలా? “లోపలికి రా చెల్లెమ్మా” అన్నాడు చివరికి.

అప్పటిదాకా మేం వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టింది లేదు. వరసలు వీధి దాటేవి గానీ చెంబులు దాటేవి కావు. నాయనమ్మ లోపలికెళ్ళి సాయిబు తాత భార్యని, “ఒదినా, దాహమేస్తోంది” అని అడిగింది. ఆవిడ చెంబు పట్టుకుని, ఇవ్వొచ్చో లేదో తెలీక అలాగే నిలబడిపోయింది. నాయనమ్మే అందుకుని గటగటా తాగేసింది. ఇంటావిడ అవతలికి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అప్పటికే అక్క పక్కన చేరి లెక్కల పుస్తకం తెరిచేశాను.

అక్కడ మా ఇంట్లో అమ్మ ఆ రాత్రీ, మర్నాడూ కూడా ఉప్పు తగ్గించలేదట! రెండో రోజుకి తాతయ్య వీధి మధ్యకొచ్చి నిలబడ్డాడు. “సాయిబుగారూ, మా ఆడమనిషిని పంపండి.”

“సాయిబుగారెవరండీ ఇక్కడ?” సాయిబు తాత అరుగు మీద నుంచి కదల్లేదు. “లోపల ఉంది నా చెల్లెలు. దానికోసమైతే దాని మొగుడు రావాలి. తమరెవరో నాకు తెలవదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తాతయ్య మా ఇంటి వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడేమోనని నేను పుస్తకం గట్టిగా పట్టుకున్నాను. ఒక అడుగు ముందుకేసి, “ఒరే బావా, నా పెళ్ళాన్ని పంపరా” అన్నాడు.

“అట్టా అడుగు! కాళ్ళు కడుక్కుని లోపలికి రా. బావ వీధిలో నుంచుంటే మాకు నామోషీ.”

తాతయ్య ఆ ఇంట్లో మొదటిసారి అన్నం తిన్నాడు. “పప్పులో ఉప్పు సరిపోయిందా బావా?” అని సాయిబు తాత అడిగితే తలెత్తలేదు గానీ మీసాల్లో నవ్వాడు. పుట్టింటి నుంచి ఆడపిల్ల వట్టి చేతులతో వెళ్ళకూడదని నాయనమ్మకి ఆకుపచ్చ గాజులు తొడిగి పంపారు. ఆ సాయంత్రమే బావలిద్దరూ కలిసి వెళ్ళి కుర్రాళ్ళని చెడామడా తిట్టారు. పోగేసిన కర్రలు మా కళ్ళం చుట్టూ దడికి సరిపోయాయి. నవమి ఊరేగింపు పీర్ల చావిడి ముందుకి రాగానే తాతయ్యే వెళ్ళి మైకు ఆపించాడు. నేను ఏడో తరగతి పాసయ్యాను.

ఆ తరవాత పెళ్ళీ, పిల్లలూ, కుట్టుమిషనూ. మళ్ళీ పుస్తకం పట్టేసరికి జుట్టు నెరిసింది. నాయనమ్మ లేదు, బావలిద్దరూ లేరు, అక్క కూడా పోయింది. ఇప్పటికీ బాగా తెలిసినవాళ్ళు ఉన్నట్టుండి నాతో మర్యాదగా మాట్లాడితే, ఎక్కడ ఏం తెగిందోనని వెతుక్కుంటాను. బట్టలు కుట్టించుకోవడానికి నా దగ్గరికి బురఖా వేసుకున్నవాళ్ళు వస్తారు, మెళ్ళో సిలువ గొలుసున్నవాళ్ళు వస్తారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు వస్తారు. అందరికీ ఏదో ఒక వరస కలిపి పిలుస్తాను. కొందరు నవ్వేసి ఊరుకుంటారు. కొందరు వింతగా చూస్తారు. మానను.

ఇవాళ కిందకి దిగి కోచింగ్ సెంటర్‌లో అందరికీ నా కబురు చెప్పాను. మంచి పిల్లలు. అందరూ లేచి నిలబడి “కంగ్రాచ్యులేషన్స్ మేడం గారూ” అన్నారు. థాంక్సండీ అని పైకొచ్చేశాను. వీధికి అవతల నుంచి ఎవరన్నా “ఒసేయ్, పాసయ్యావంటగదే!” అని కేకేస్తే బాగుండనిపించింది.